ఏ లెక్క ఎప్పుడు వదలాలి?

ఏపీ ఈఏపీసెట్ అయినా, తెలంగాణ ఎప్‌సెట్ అయినా ఇంజినీరింగ్ పేపర్ తీరు ఒకటే: 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఇంత తెలిసీ చాలామంది ఒకే లెక్క దగ్గర అయిదారు నిమిషాలు ఉండిపోతారు. సిలబస్ రాక కాదు, తామేం చేస్తున్నామో గమనించుకోక.

అమెరికా గణిత విద్యా పరిశోధకుడు అలన్ షోన్‌ఫెల్డ్ 1980లలో విద్యార్థులు లెక్కలు చేస్తుండగా వీడియో తీసి చూశారు. ప్రశ్న చదవడం, తోచిన దారి పట్టడం, టైమైపోయేదాకా అదే దారిన పోవడం. ఎక్కువమందిది ఇదే వరస. అనుభవమున్న గణితవేత్త మాత్రం ప్రశ్నను అర్థం చేసుకోవడానికే చాలాసేపు తీసుకున్నారు.

షోన్‌ఫెల్డ్ ఇచ్చిన ఒక ఇంటిగ్రేషన్ మన సెకండియర్ పిల్లలకూ తెలిసిందే. పైన ఎక్స్, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ 9. హారాన్ని టీ అనుకుంటే రెండు లైన్లలో తేలిపోతుంది. హారం కారణాంకాలుగా విడిపోతుందని కనబడగానే పార్షియల్ ఫ్రాక్షన్స్ మొదలుపెట్టినవాళ్లు, త్రికోణమితిలోకి దిగినవాళ్లూ ఉన్నారు. పార్షియల్ ఫ్రాక్షన్స్‌తోనూ జవాబు వస్తుంది, టైమే పోతుంది. అందుకే ఆయన క్లాసులో పిల్లల్ని పదేపదే అడిగేవారు: ఇప్పుడేం చేస్తున్నావు? ఎందుకు? అది జవాబుకెలా పనికొస్తుంది? మొదట్లో నీళ్లు నమిలినవాళ్లు పోనుపోను తమను తామే అడుక్కోవడం నేర్చుకున్నారు.

మన రెసిడెన్షియల్ కాలేజీలతో ఇబ్బంది ఇక్కడే. తెల్లవారుజామున లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా అన్నీ వేరొకరే నడిపిస్తారు. ర్యాంకులు రావని కాదు, వస్తాయి. కానీ బీటెక్ హాస్టల్లో లేపేవాళ్లుండరు. ప్లేస్‌మెంట్ కోడింగ్ రౌండ్‌లో టెస్ట్ కేసు ఫెయిలైతే, ఎక్కడ తప్పిందో వెతకకుండా ఏదో ఒక అంకె మార్చి మళ్లీ రన్ నొక్కడం, తామేం చేస్తున్నామో తమను తాము అడుక్కోని ఆ లోటే.

మాక్ టెస్ట్ అయ్యాక 'సిల్లీ మిస్టేక్' అని రాసుకుని వదిలేయకండి. ఆ మాట ఎందుకూ కొరగాదు. ప్రశ్న సరిగా చదవలేదా, సూత్రం గుర్తురాలేదా, ప్లస్ మైనస్ అయిందా, తెలిసీ టైం చాలలేదా? అసలు కారణం రాయండి. నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు పడిందో మీకే కనబడుతుంది.

వచ్చే గ్రాండ్ టెస్ట్‌లో నిమిషంన్నర దాటినా దారి దొరకని ప్రశ్న నంబరు రఫ్ పేపర్‌పై వేసుకుని ముందుకెళ్లండి. చివరి పావుగంట వాటికి ఉంచండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. జేఈఈ మెయిన్‌కు మాత్రం ఈ చివరి మాట వర్తించదు, అక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు కోసేస్తారు.