సువార్త చెప్పుట ఎవరి పని?

చదువవలసిన భాగము: యోహాను సువార్త 4వ అధ్యాయము, 1 నుండి 42 వరకు.

పాఠము నేర్పు సత్యము: సువార్తను విని నమ్మిన ప్రతివాడును దానిని ఇతరులకు చెప్ప బాధ్యుడు. అది పాస్టరు ఒక్కని పని కాదు.



కొన్ని ఏండ్ల క్రిందట మా ఊరిలో ఒక రైతు జబ్బుచేసి మంచము పట్టెను. ఆయన మన సంఘములోని వాడు కాడు. ఆయన చేను ప్రక్కనే చేను గల మన సహోదరుడొకడు పిలువగా నేను చూడబోతిని. ఆయన అడుగగా యేసు ప్రభువును గూర్చి కొంతసేపు చెప్పితిని. అంతయు విని ఆయన నాతో ఏమియు అనలేదు. మన సహోదరుని వైపు తిరిగి, "ఇరువై ఏండ్ల సంది మనిద్దరి చేండ్లు ఒక్క గట్టు మీదనే ఉన్నయి. ఎడ్లు బదులిచ్చినవు, విత్తనాలు బదులిచ్చినవు. గిది గింత మంచి మాటైతే ఒక్కనాడన్న నాకెందుకు చెప్పలే?" అని అడిగెను.

ఆ సహోదరుడు తల వంచుకొనెను. బయటికి వచ్చిన తరువాత, "అది మీ పని గద అయ్యగారూ! నాకు చదువు రాకపాయె" అనెను. నేనతనిని గద్దింపలేకపోతిని. ఏలయనగా ప్రతి ఆదివారము అతనికి ప్రసంగించినది నేనే. నీవును చెప్పవలెనని నేనతనికి ఎన్నడును నేర్పలేదు. మూడు వారములలో ఆ రైతు చనిపోయెను. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. అందుచేతనే ఈ నెల ఈ పాఠమును మీ ముందుంచుచున్నాను.

1. బావి యొద్ద స్త్రీ

సుఖారను ఊరి బావి యొద్ద మన ప్రభువు అలసి కూర్చుండెను. మధ్యాహ్నపు ఎండ. సమరయ స్త్రీ ఒకతె నీళ్లు చేదుకొన వచ్చెను. యూదులు సమరయులతో పొత్తు లేనివారు. ఊరి బావిలో చేద వేయనియ్యక, ఎవరైన దయతలచి పోయుదురేమో యని కుండ పట్టుకొని దూరముగా నిలిచిన దినములు మన పెద్దలకు తెలియును. కాబట్టి ప్రభువు ఆమెను నీళ్లడుగుట ఎంతటి సంగతియో మనకు వేరుగా వివరింప నక్కరలేదు.

ఇక్కడ మూడు సంగతులు గమనింపుడి.

మొదటిది, ఆమె కుండ విడిచి వెళ్లెను. వచ్చిన పని మరచునంతగా ఆమె హృదయము నిండెను.

రెండవది, ఆమె చెప్పినది కొంచెమే. తనకు జరిగినదానిని చెప్పి, వచ్చి చూడుడని పిలిచి, ఈయనే క్రీస్తు కాడా యని ప్రశ్న వేసెను. ఆమెకు బైబిలు పాఠశాల లేదు, మంచి పేరును లేదు. శిష్యులో, అదే ఊరికి ఆహారము కొన వెళ్లిరి. ఆహారము మాత్రమే తెచ్చిరి. ప్రభువుతో తిరిగినవారు ఒక్కనిని తీసికొని రాలేదు. ఒక్క గడియ ఆయనతో మాటలాడిన స్త్రీ ఊరివారిని వెంటబెట్టుకొని వచ్చెను.

మూడవది, ఆ ఊరివారు చివరకు ఆమె మాటనుబట్టి గాక తామే విని నమ్మితిమని చెప్పిరి. పిలుచుట మన పని. నమ్మించుట దేవుని పని. ఈ సంగతి తెలిసినవాడు ఎవరిని బలవంతపెట్టడు, ఎవరు వినకపోయినను కోపపడడు.

2. మన ప్రాంతమునకు సువార్త ఎట్లు వ్యాపించెను?

సువార్త అంతయు దొరలే తెచ్చిరని మనలో కొందరనుకొందురు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతో ఒక భారతీయ మిషనరీ సంఘమును స్థాపించి, నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమును తమ సేవాస్థలముగా ఎన్నుకొనిరి. నాడు వరంగల్లు ప్రాంతములో చేరిన ఆ దోర్నకల్ నేడు మహబూబాబాద్ జిల్లాలో నున్నది. ఆ సంఘ స్థాపకులలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో తానే ఇక్కడికి వచ్చి, తమిళుడై యుండియు తెలుగు నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించెను.

బాప్తిస్మము పొందినవారి చేత ఆయన తమ చేతిని తమ తలపైనే ఉంచుకొననిచ్చి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పక ఊరకుండుట తమకు కీడనియు ఒప్పుకొనజేసెడివారు. ఇది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము 16వ వచనములోని భావము. అక్షరము రాని కూలివారు సయితము అట్లు పలికిరి. బాప్తిస్మపు నీళ్లు ఆరకముందే సాక్ష్యపు భారము వారి తలకెక్కెను.

తరువాత ఏమి జరిగెను? మాల మాదిగ పేటలలోని క్రైస్తవుల నడతలో కలిగిన మార్పును చూచి, 1920, 1930ల నాటికి ఇతర కులముల రైతులు కూడ సంఘమునకు వచ్చిరి. తమ చేలలో పనిచేయువారే వారికి మొదటి ప్రసంగము.

3. సాక్షి ఎట్లుండవలెను?

పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయములో అపొస్తలుడు మన నిరీక్షణకు కారణమడుగువారికి జవాబు చెప్ప సిద్ధముగా నుండవలెననియు, అది సాత్వికముతో చేయవలెననియు బోధించుచున్నాడు. పొరుగువాని దేవుళ్లను ఎగతాళి చేయువాడు ఈ మాటను మీరినవాడే.

ఆశచూపి పిలుచుటయు తగదు. 1876-78 గొప్ప కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో వేలమందికి పని కల్పించెను. ఆ సహాయము జరుగుచున్నంత కాలము, అన్నము కొరకు చేరిరన్న మాట రాకుండునట్లు బాప్తిస్మము ఆపివేసెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే.

మన రాజ్యాంగము 25వ అధికరణము ప్రతి వ్యక్తికి తన మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును స్వేచ్ఛ నిచ్చినది. బలవంతమునకు మాత్రము అందులో చోటు లేదు. సువార్తకును అది అక్కరలేదు.

అన్నిటికంటె ముందు మన నడత. కల్లు కాంపౌండులో కూలి పైసలు పోగొట్టుకొని, తెచ్చిన అప్పు ఎగవేసి, ఆదివారము పాటలు పాడువాని మాట ఎవరు విందురు? నాటు వేయుచోట, బస్సు కొరకు నిలుచుచోట, జబ్బుపడినవారి యింట, మీకు ప్రభువు చేసినదానిని రెండు మాటలలో చెప్పుడి. తెలియనిది అడిగినప్పుడు తెలియదని ఒప్పుకొనుడి.

మొదట చెప్పిన ఆ సహోదరుని సంగతి వినుడి. రైతు చనిపోయిన ఏడు అతడు ఆ యింటివారి చేను కూడ తన ఎడ్లతో దున్ని పెట్టెను. ఒక సాయంకాలము ఆ విధవరాలితో, "వదినా, అన్న అడిగిన మాటకు నేను జవాబియ్యలే. ఇప్పుడు చెప్పుత, వింటవా?" అని తనకు వచ్చినంత చెప్పెను. ఆ యింటివారు నేటివరకు మందిరమునకు రాలేదు. అయినను ఆ సహోదరుడు ఇప్పుడు తల ఎత్తుకొని ఆ గట్టు మీద నడుచుచున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. శిష్యులు ఆ ఊరిలో చేయనిదానిని ఆ స్త్రీ ఎట్లు చేయగలిగెను?
2. నీ చేను ప్రక్కవాడు నిన్ను ఆ రైతు వలె అడిగిన నీ జవాబేమి?
3. నీ నడతలో ఏ సంగతి నీ సాక్ష్యమునకు అడ్డముగా నున్నది?

ఈ నెల పని: ఒక్క పొరుగువాని పేరు తలంచుకొని దినదినము ప్రార్థింపుడి. అతనికి ఒక సహాయము చేయుడి. సమయము దొరికినప్పుడు దాచక చెప్పుడి.

ప్రార్థన: ప్రభువా, మా నోరు మూసిన భయమును తీసివేయుము. మా మాటకు తగిన నడత మాకిమ్ము. ఇన్నాళ్లు ఊరకుండిన కాపరిని, మందను క్షమించుము. ఆమేన్.