భాస్వరం కొలత నుండి ప్రోటియోమ్ వరకు: సుబ్బారావు పరిశోధన, ముంపు వరి

తమ్మిలేరు, బుడమేరు కొల్లేరులో కలుస్తాయి. సరస్సులోని నీరు సముద్రానికి చేరేది ఉప్పుటేరు ద్వారా మాత్రమే. అందుచేత భారీ వర్షాలకు ఏలూరు దిగువన ఉన్న పల్లపు చేలు, ఎర్రకాలువ పొంగినప్పుడు తాడేపల్లిగూడెం పరిసరాల వరిచేలు రోజుల తరబడి నీట మునుగుతాయి. నీరు తీసిన తరువాత ఒక వంగడం తిరిగి చిగురిస్తుంది, మరొకటి కుళ్ళిపోతుంది. ఈ భేదాన్ని ప్రోటీన్ల స్థాయిలో వివరించే శాస్త్రానికి తొలి మెట్లు వేసినవారిలో ఈ డెల్టాలో జన్మించిన శాస్త్రవేత్త ఒకరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తం, కణజాలాలలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రచురించారు. ఆ కొలత ఆధారంగానే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నారు. నమ్మదగిన కొలత సిద్ధమైన తరువాతనే కొత్త పదార్థం కంటపడినదని ఈ క్రమం తెలుపుతుంది.

ఏటీపీ శక్తివాహకం మాత్రమే కాదు. కైనేజ్ అనే ఎంజైములు దాని నుండి ఒక ఫాస్ఫేటును తీసి ప్రోటీనుపై చేర్చి, ఆ ప్రోటీను పనితీరును మారుస్తాయి. రంగు పద్ధతి నమూనాలో భాస్వరం ఎంత ఉన్నదో చెప్పగలదు; ఏ ప్రోటీనులో, ఏ అమైనో ఆమ్లంపై ఉన్నదో చెప్పలేదు. ఆ పని మాస్ స్పెక్ట్రోమీటరుది. ప్రోటీన్లను ట్రిప్సిన్‌తో చిన్న పెప్టైడ్లుగా ఖండించి, విద్యుదావేశం కల్పించి, ద్రవ్యరాశికీ ఆవేశానికీ గల నిష్పత్తిని ఈ పరికరం కొలుస్తుంది. ఫాస్ఫేటు చేరిన పెప్టైడు సుమారు 80 డాల్టన్లు బరువెక్కుతుంది. దానిని మరల ముక్కలు చేసి చూస్తే ఆ అదనపు బరువు ఏ స్థానంలో ఉన్నదో తెలుస్తుంది. పెద్ద జీవాణువులకు చెదరకుండా ఆవేశం కల్పించే మార్గాలను చూపినందుకు జాన్ ఫెన్, కొయిచి తనాకా 2002 నోబెల్ బహుమతిలో భాగస్వాములయ్యారు.

ముంపు వరికి ఇది నేరుగా వర్తిస్తుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ వంగడంలోని సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. ఇది ముంపు కాలంలో మొక్క ఎదుగుదలను అణచి, పిండిపదార్థాన్ని పొదుపు చేయిస్తుంది. సహన రూపంలో ఆ ప్రోటీను 186వ స్థానంలో సెరీన్ ఉంటుంది. సహనం లేని రూపంలో అక్కడ ప్రోలీన్ ఉంటుంది. సెరీన్ ఫాస్ఫేటును స్వీకరించగలదు, ప్రోలీన్ స్వీకరించలేదు. సహన రూపానికి మాత్రమే ఎంపీకే3 అనే కైనేజ్ ఫాస్ఫేటును చేర్చుతుందని 2016లో న్యూఢిల్లీ పరిశోధకులు చూపారు. మార్టేరులో రూపొందిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వంగడంలోకి ఈ జన్యువును చేర్చగా వచ్చిన స్వర్ణ సబ్1 సుమారు రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటుంది.

ఇటువంటి అధ్యయనానికి నమూనాలు సేకరించే విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు కొన్ని జాగ్రత్తలు పాటించవలెను. మొక్కను నీటి నుండి తీసిన క్షణం నుండే గాలి, వెలుతురు తగిలి ఫాస్ఫేటు స్థితి మారసాగుతుంది. కనుక ఆకును చేనులోనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, వెలికితీత ద్రావణంలో ఫాస్ఫటేజ్ నిరోధకాలను కలపవలెను. ఫాస్ఫోపెప్టైడ్లు మొత్తంలో స్వల్పభాగమే కాబట్టి టైటానియం డయాక్సైడ్ వంటి వాటితో ముందుగా వేరుచేయవలెను. ముంపు రోజులు, నీటి లోతు, మురికిదనం, పైరు వయస్సు నమోదు చేయని నమూనా ఎంత ఖరీదైన పరికరంలో పరీక్షించినా నిష్ప్రయోజనమే. వేర్వేరు మళ్ళ నుండి కనీసం మూడు నమూనాలు ఉండాలి. ఒకే మొక్క సారాన్ని మూడుసార్లు పరీక్షించడం దానికి సాటి కాదు.

మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇచ్చే జాబితా ఒక సూచన మాత్రమే. ఆ ప్రోటీను నిజముగా పైరును కాపాడుతున్నదో లేదో జన్యు పరీక్షలు, ముంపు మళ్ళలోని క్షేత్ర ప్రయోగాలు నిర్ధారించవలెను. రైతుకు సిఫారసు చేయదగినది ఆ తరువాతనే.