నేత యింటికి ఎన్ని కోర్ల కంప్యూటరు?

జకార్డు డిజైనులు యింటనే వేసికొనవలెనని తలపెట్టిన కుటుంబములవారు, షోలాపురమున గాని భీవండిలో గాని, మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యిది: "8 కోర్లది తీసికొందుమా, 16 కోర్లదా? అంగడివాడు 64 కోర్లది కూడ యున్నదనుచున్నాడు." అప్పు తెచ్చి కొనువారే యిట్లు అడుగుచున్నారు గనుక ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపుట న్యాయము కాదు.

కంప్యూటరులో లెక్క చేయు భాగమును ప్రాసెసరందురు. పూర్వము దానిలో లెక్క చేయువాడు ఒక్కడే. ఇప్పుడు ఒకే బిళ్ళలో పలువురు. ఆ ఒక్కొక్కరిని కోరు అందురు. పలువురున్న పని త్వరగా తెమలునా? మన యింటి పనినే చూడుడు. కండెలు చుట్టవలసి యున్నచో అత్త, కోడలు, పిల్లలిద్దరు నాలుగు రాట్నముల ముందు కూర్చున్నచో పని నాలుగవ వంతు కాలములో ముగియును. కాని మగ్గముపై నున్న చీరకు ఒక పేక పడినగాని తరువాతి పేక పడదు. గుంటలో నలుగురు దిగినంత మాత్రమున నాడె నాలుగు రెట్లు పరుగెత్తదు. అచ్చట కావలసినది చేతి వేగము, చేతుల లెక్క కాదు.

కంప్యూటరు పనులలోను కండెల పని కొంత, పేక పని కొంత కలసి యుండును. 1967లో అమెరికా దేశపు ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ ఈ సంగతినే ఎత్తి చూపెను. ఒక కోరు 60 నిమిషములలో చేయు పని యున్నదనుకొందము. అందు 48 నిమిషముల పని పంచుకొనదగినది, 12 నిమిషములది పంచుకొనరానిది. 8 కోర్లున్నచో 48 నిమిషములు 6 అగును, మొత్తము 18. కోర్లను 16 చేసితిమా, 12కు 3 కలిపి 15. డబ్బు ఎంతో పెరిగినది, మిగిలినది మూడు నిమిషములు. 64 కోర్లు పెట్టినను 12 నిమిషముల 45 సెకనులు పట్టును. ఆ 12 నిమిషములను ఎన్ని కోర్లును కరిగింపజాలవు.

ఇక మన డిజైను ఎంత పెద్దది? 2,688 హుక్కుల జకార్డుపై 6,000 పేకల డిజైను వేసితిమనుకొనుడు. చుక్కలు 1,61,28,000. చుక్కకొక బైటు చొప్పున 16 మెగాబైట్లు. మన కంటికి అది కొండయే గాని నేటి యంత్రమునకు పిడికెడు. పైగా గీయుట, రంగు మార్చుట, నేత కట్టు నింపుట మొదలగునవి చాలవరకు పేక పనులే. ఒకటి రెండు కోర్లు పరుగెత్తుచుండగా మిగిలినవి కూర్చుండును.

మా కార్యాలయమునందే ఈ పొరపాటు జరిగినదని ఒప్పుకొనవలెను. ఒక దుకాణదారుని మాట విని 16 కోర్లకు డబ్బు పోసి, మెమరీ 8 జీబీతో సరిపెట్టుకొంటిమి. డిజైను, నమూనా ఫోటోలు, లెక్కల పుస్తకము మూడును ఒక్కసారి తెరచునప్పటికి యంత్రము మొండికేసెను. కోర్లు మాత్రము ఖాళీగనే యుండెను.

2024 ఆగస్టులో వెలువడిన రెండు రైజెన్ ప్రాసెసర్లను పోల్చి చూడుడు. 9700ఎక్స్‌లో కోర్లు 8. అమెరికాలో నాటి ధర 359 డాలర్లు. 9950ఎక్స్‌లో కోర్లు 16. ధర 649 డాలర్లు. ఒక్క కోరు గరిష్ఠ వేగము మొదటిదానికి 5.5 గిగాహెర్ట్సులు, రెండవదానికి 5.7. అనగా పేక పనిలో వాని వేగమునకు తేడా నూటికి నాలుగు పాళ్ళైనను లేదు. వేడికి మాత్రము తేడా కలదు: తయారీదారు చెప్పు లెక్క ఒకదానికి 65 వాట్లు, రెండవదానికి 170. చల్లార్చు సామానుకు ఖర్చు వేరు. ఇంటెల్‌వారి కోర్ అల్ట్రా 9 285కెలో 24 కోర్లన్న మాట నిజమే గాని, వానిలో పెద్దవి 8, చిన్నవి 16. అన్నిటిని సమముగా లెక్కింపరాదు. 64 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 9980ఎక్స్ 2025లో 4,999 డాలర్లకు వచ్చినది. అది మన యిండ్లకు కాదు.

16 కోర్లు ఎవరికి తగును? నేసిన బట్టను బొమ్మకు చుట్టినట్లు బ్లెండరు వంటి వానిలో చిత్రములు తయారుచేసి బేరగాండ్రకు పంపువారికి, వీడియోలు ఎక్కువగా కూర్చువారికి. అది కండెల పని. ఎన్ని చేతులున్న అంత మేలు. అయితే బ్లెండరు పనిని మంచి గ్రాఫిక్సు కార్డు ఇంకను త్వరగా చేయును గనుక ముందు దాని సంగతి విచారింపుడు.

కొనుటకు ముందు, తెలిసినవారి యంత్రముపై మీ డిజైనునే తెరచి చూడుడు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు వచ్చును. అందు పెర్ఫార్మెన్స్ అనుచోట సీపీయూ గీతపై కుడి మీట నొక్కి, కోర్ల గీతలు విడివిడిగా కనబడునట్లు మార్చుకొని, మీరు నిత్యము చేయు పని పావుగంట చేయుడు. అన్ని గీతలు పైకి లేచినచో 16ను గూర్చి ఆలోచింపవచ్చును. ఒకటి రెండే లేచినచో 8 కోర్లది కొని, మిగిలిన డబ్బుతో 32 జీబీ మెమరీయు, కరెంటు పోయినప్పుడు పని చెడకుండ ఒక యూపీఎస్‌యు తీసికొనుడు.