యుద్ధం ఆపిన చదువు

ప్రశ్న: మా అమ్మాయి ఇరాన్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. 2022లో చేరింది. 2025 జూన్ యుద్ధంలో ఇల్లు చేరింది. ఆన్‌లైన్ పాఠాలతో ఇక్కడే పూర్తిచేయొచ్చా? రాత్రిళ్లు సైరన్ మోగిందని ఉలిక్కిపడి లేస్తోంది.
- ఒక తల్లి, అలంపూర్

జవాబు: కుదరదమ్మా. 2021 నవంబరు తర్వాత చేరినవాళ్లు 54 నెలల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్ ఒకే విదేశీ కాలేజీలో చేయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. రోగి పొట్ట నొక్కి చూడటం ఫోన్‌లో వస్తుందా? 2022లో ఉక్రెయిన్‌లో చదివే మన విద్యార్థులకు వేరే దేశంలో చదివే సడలింపు ఇచ్చారు. అది మీకూ వర్తిస్తుందని ఏ కన్సల్టెన్సీ చెప్పినా, కమిషన్ ఉత్తర్వు చూడనిదే రూపాయి కట్టకండి. తరగతులు ఎప్పుడు ఆగాయో, వాటిని నేరుగా ఎలా భర్తీ చేస్తారో కాలేజీ ముద్రతో రాయించుకోండి. అప్పుంటే వాయిదాల గడువు కోసం బ్యాంకుకు ముందే అర్జీ పెట్టండి. భారత రాయబార కార్యాలయం హెచ్చరిక ఉన్నంతకాలం టికెట్ కొనొద్దు. కాలేజీ పలకకపోతే విదేశాంగశాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఉలికిపాటు నెల దాటినా, తిండి మానేసినా మానసిక వైద్యుడికి చూపించండి. ఈలోగా మానసిక సహాయ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, ఖర్చుండదు.