సల్సా: వలస బస్తీల సంగీతం

సల్సా పుట్టిల్లు క్యూబా అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మూలం క్యూబా ‘సోన్’ సంగీతం, అయిదు దెబ్బల ‘క్లావే’ లయ. కానీ సల్సా పేరుతో అది స్థిరపడింది 1960–70 దశకాల న్యూయార్క్‌లో. ఈస్ట్ హార్లెమ్, బ్రాంక్స్ బస్తీల్లో అమెరికా పౌరసత్వం ఉన్నా పరాయివాళ్లుగా బతికిన ప్యూర్టోరికన్లకు ఈ పాట, ఆట ‘మేమూ ఉన్నాం’ అని చాటుకునే దారి. 1964లో జానీ పచెకో, జెర్రీ మసూచి స్థాపించిన ఫానియా రికార్డ్స్ దాన్ని ఖండమంతా మోసుకెళ్లింది.

సల్సా కళాకారుల్లో ఎవరిది ఏ దేశమో చెప్పడంలో తడబడేది ఇక్కడే: పచెకో డొమినికన్, గాయని సీలియా క్రూజ్ క్యూబన్, గాయకుడు రూబెన్ బ్లేడ్స్ పనామా వాసి. బ్లేడ్స్ 1994లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడారు, తర్వాత పర్యాటక మంత్రి అయ్యారు. ‘ప్రపంచ సల్సా రాజధాని’గా పేరుపడ్డ నగరం కొలంబియాలోని కాలి.