తనంతట తానే మారే గేరు

కైకలూరులోనో, ఆకివీడులోనో చేపల లోడు ఎత్తుకున్న లారీ కదిలేటప్పుడు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? ఇంజను హోరెత్తుతుంది. చక్రాలు మాత్రం మెల్లగా దొర్లుతాయి. కాసేపటికి డ్రైవరు ఎడమకాలితో క్లచ్ తొక్కి గేరు మారుస్తాడు. హోరు తగ్గుతుంది, లారీ వేగం పుంజుకుంటుంది.

డ్రైవరు చేసే ఈ పనిని యంత్రమే చేసుకుంటే దాన్ని ఆటోమేటిక్ గేరుబాక్సు అంటారు. ఇప్పుడు మనకొక సమస్య. అయిదుగురున్న ఒక కుటుంబం క్యారవాన్‌లో ప్రయాణం కట్టింది. సినిమావాళ్ళ పుణ్యమా అని క్యారవాన్ అంటే మీకు తెలుసు: పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్న ఇల్లులాంటి వాను. వాళ్ళు తాడేపల్లిగూడెంలో బయలుదేరి, ద్వారకా తిరుమల కొండ ఎక్కి దిగి, ఏలూరు మీదుగా కొల్లేటి పక్షులను చూడడానికి ఆటపాక వెళ్ళాలి. ఆ వానుకు ఎలాంటి గేరుబాక్సు ఉండాలి? దాన్ని ఎలా నడపాలి?

గేరు చేసే బేరం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతోంది. మొదటి గేరు ఆ చుట్లను 4వ వంతుకు తగ్గిస్తుంది. ఇరుసు దగ్గరి పళ్ళ చక్రాలు మళ్ళీ 4వ వంతుకు తగ్గిస్తాయి. అంటే చక్రం తిరిగేది 150 చుట్లే. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లయితే వాను నిమిషానికి 315 మీటర్లు, అంటే గంటకు సుమారు 19 కిలోమీటర్లు పోతుంది. గేరుబాక్సు ఏమీ తగ్గించని పై గేరులో అదే ఇంజను గంటకు సుమారు 76 కిలోమీటర్లు తీసుకుపోతుంది.

మరి మొదటి గేరులో పోయిన వేగం ఏమైంది? అది బలంగా మారింది. ఘర్షణ నష్టాన్ని వదిలేస్తే, చక్రాన్ని తిప్పే బలం పై గేరులో కన్నా 4 రెట్లు ఎక్కువ. గేరు శక్తిని పుట్టించదు. వేగాన్ని ఇచ్చి బలాన్ని పుచ్చుకుంటుంది, లేదా బలాన్ని ఇచ్చి వేగాన్ని పుచ్చుకుంటుంది.

రెండు ఫ్యాన్ల కిటుకు

పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదాని ప్లగ్గు తీసేసి, రెండోదాన్ని వేయండి. గాలి తాకిడికి ప్లగ్గు లేని ఫ్యాను కూడా తిరుగుతుంది! గాలికి బదులు నూనె నింపి, రెండు రెక్కల చక్రాలను ఒకే డొల్లలో బిగిస్తే క్లచ్ లేకుండానే ఇంజను శక్తి చక్రాలకు చేరుతుంది. వీటి మధ్య మూడో రెక్కల చక్రం పెడితే, తిరిగి వచ్చే నూనెను అది సరైన దిక్కుకు మళ్ళిస్తుంది. అప్పుడు కదిలే సమయంలో తిప్పే బలం సుమారు రెండు రెట్లవుతుంది. దీని పేరు టార్క్ కన్వర్టర్. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

దీని వెనుక, సూర్యుని చుట్టూ గ్రహాల్లా, నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే గేర్లు ఉంటాయి. వేగాన్నీ యాక్సిలరేటర్‌నూ చూసి నేటి వాహనాల్లో కంప్యూటరు గేరు నిర్ణయిస్తే, నూనె ఒత్తిడి దాన్ని మారుస్తుంది.

ఏది మేలు?

ఏఎంటీ అనే మరో రకంలో మామూలు క్లచ్, మామూలు గేర్లే ఉంటాయి. వాటిని మోటార్లు కదుపుతాయి. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో సామాన్యుల కార్లలోకి వచ్చింది. ధర తక్కువ, ఇంధనం ఆదా. కాని బరువు బండి జనం మధ్య అంగుళం అంగుళం కదిలేటప్పుడు సగం పట్టిన క్లచ్ పలకలు రాసుకుని వేడెక్కి అరుగుతాయి.

మన వాను బరువు లెక్క వేయండి. 100 లీటర్ల నీళ్ళే 100 కిలోలు. మనుషులు, మంచాలు, సామాను వేరే. ఇంత బరువును పదేపదే కదిలించాలంటే టార్క్ కన్వర్టర్ మేలు, ఎందుకంటే అందులో జారేది నూనె, పలక కాదు. అయితే నూనె కూడా వేడెక్కుతుంది. అందుకే నూనెను చల్లార్చే ఏర్పాటు ఉందా, తయారీదారు చెప్పిన బరువును వాను మించిందా అని ముందే చూడాలి.

ఇంకో లోపం ఉంది. బ్యాటరీ చచ్చిపోతే ఈ రకం వానును తోసి స్టార్టు చేయలేము. గేరుబాక్సు నూనె పంపును తిప్పేది ఇంజనే. అది ఆగితే నూనెకు ఒత్తిడి ఉండదు. రాత్రి దీపాలకూ ఫ్యాన్లకూ వేరే బ్యాటరీ పెట్టడం అందుకే.

నడిపే తీరు

లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి; కారణాలు తెలుసుకోవడానికి ఆ పట్టింపు లేదు.

కుడికాలితో బ్రేకు నొక్కి ఉంచే 'డి'లో వేయాలి. లేకపోతే యాక్సిలరేటర్ తొక్కకుండానే వాను ముందుకు పాకుతుంది. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో వానును నిలబెట్టకూడదు. ఇంజను శక్తంతా వేడిగా మారుతుంది. బ్రేకుతోనే ఆపాలి.

కొండ దిగేటప్పుడు చిన్న గేరు ఎంచుకోవాలి. అప్పుడు ఇంజనే వానును పట్టి ఉంచుతుంది. బ్రేకు మీదే ఆధారపడితే అది కాగి పట్టు తప్పవచ్చు. యంత్రం ఇప్పటి వేగాన్ని చూస్తుంది గాని, ముందున్న మలుపును చూడదు. దాన్ని చూడవలసింది డ్రైవరే!

కొల్లేటి గట్టు మీద ఆపినప్పుడు ముందు హాండుబ్రేకు, తరువాత 'పి'. 'పి'లో ఒక చిన్న కొక్కెం పళ్ళ చక్రాన్ని పట్టుకుంటుంది. టన్నుల బరువు దాని మీద వేయడం తగదు. టైరు బురదలో దిగబడితే యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కినకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. టైరు కింద పలక వేసి మెల్లగా కదపాలి.

బుడమేరు, తమ్మిలేరు పొంగి రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఆగిపోవాలి. నీరు వానును పైకి నెడుతుంది, టైరు రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. పట్టు లేని టైరుకు ఏ గేరూ సాయం చేయలేదు.

ఆలోచించండి

1. పై ఉదాహరణలో మరో గేరు చుట్లను సగానికే తగ్గిస్తుంది. ఇంజను 2400 చుట్లు తిరిగితే వాను గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుంది?

2. మూడో రెక్కల చక్రం లేకపోతే వాను కదులుతుందా? ఏ లాభం పోతుంది?