పంట సర్వే నమూనా విమానాల్లో మోటారు, ప్రొపెల్లర్, బ్యాటరీల పొందిక

ప్రయోగ క్షేత్రాలను పై నుంచి చిత్రీకరించడానికి ఫోము రెక్కలు గల చిన్న విద్యుత్ నమూనా విమానాన్ని వ్యవసాయ ఇంజినీరింగ్ విద్యార్థులు తక్కువ ఖర్చుతో స్వయంగా కూర్చుకొనే వీలుంది. బహుళ రోటార్ల డ్రోను గాలిలో నిలవడానికే నిరంతరం శక్తిని వెచ్చిస్తుంది. రెక్కల విమానంలో బరువును రెక్కలు మోస్తాయి, మోటారు గాలి నిరోధాన్ని అధిగమిస్తే చాలు. కావున అదే బ్యాటరీతో ఎక్కువ విస్తీర్ణాన్ని చుట్టి రావచ్చు. అయితే ఇట్టి విమానాల్లో చాలావరకు వైఫల్యాలు విడిభాగాల నాణ్యతా లోపం వల్ల గాక, వాటి మధ్య పొందిక లేకపోవడం వల్ల కలుగుతాయి. మంచి మోటారు, మంచి బ్యాటరీ, మంచి ప్రొపెల్లర్ కొని కలిపినంత మాత్రాన మంచి విమానం కాదు. వరి పొట్ట దశలోనో, పత్తి పూత దశలోనో తీయవలసిన చిత్రం ఆ వారంలో తీయలేకపోతే మరుసటి పంటకాలం వరకు ఆగవలసి వస్తుంది. పైగా కూలీలు పనిచేస్తున్న చేలో కిలోకు పైబడిన వస్తువు కూలడం చిన్న విషయం కాదు.

విద్యుత్ మోటారుతో రేడియో నియంత్రిత నమూనాను ఎగరవేయడం కొత్త సంగతి కాదు. 1957 జూన్ 30న బ్రిటన్‌లో కర్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్' నమూనాను వెండి-జింకు బ్యాటరీతో ఎగరవేశారు. నమోదైన ఈ తరహా విహారాల్లో దానిని మొదటిదిగా పేర్కొంటారు. బ్రష్‌లెస్ మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ చౌకగా లభించడం మొదలైన తరువాతనే ఈ విద్య సామాన్య విద్యార్థికి అందింది.

పంపుసెట్టుతో పోలిక, తేడా

వ్యవసాయ రంగంలోని వారికి ఈ విషయం బోధించేటప్పుడు సెంట్రిఫ్యూగల్ పంపును ఉదాహరణగా తీసుకోవడం మేలు. పంపు తిరిగే వేగం పెరిగితే నీటి ప్రవాహం వేగానికి అనుపాతంలో, హెడ్డు వేగపు వర్గానికి, కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో పెరుగుతాయి. ప్రొపెల్లర్ కూడా ఇదే సూత్రానికి లోబడుతుంది. నేలపై నిలిపి తిప్పినప్పుడు దాని థ్రస్టు వేగపు వర్గానికి, అది కోరే శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటాయి. వ్యాసం విషయంలో ప్రభావం ఇంకా తీవ్రం. థ్రస్టు వ్యాసపు నాలుగో ఘాతానికి, శక్తి అయిదో ఘాతానికి అనుపాతంలో ఉంటాయి. పది అంగుళాల ప్రొపెల్లర్ స్థానంలో అదే తీరు గల పదకొండు అంగుళాలది అమర్చి అదే వేగంతో తిప్పితే, కావలసిన శక్తి 60 శాతానికి పైగా పెరుగుతుంది. ఒక్క అంగుళమే కదా అన్న భావన ఎన్నో మోటారు చుట్టలు మాడడానికి కారణం.

ఇంతవరకు పోలిక సరిపోతుంది. తేడా ఎక్కడంటే, రైతు వాడే మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు వోల్టేజీ తగ్గినప్పుడు అదే భారాన్ని లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకొని కాలిపోతుంది. వేసవిలో లో-వోల్టేజీ వల్ల మోటార్లు కాలడం గ్రామాల్లో అందరికీ అనుభవమే. నమూనా విమానపు మోటారు దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. వోల్టేజీ పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ప్రొపెల్లర్ కోరే టార్కు పెరుగుతుంది, దానితో కరెంటు పెరుగుతుంది. కావున ఇక్కడ కాల్చేది లో-వోల్టేజీ కాదు, అనాలోచితంగా జోడించిన అదనపు సెల్లు.

మోటారుపై రాసి ఉండే సంఖ్యల అర్థం

బ్రష్‌లెస్ మోటారుపై కనిపించే 'కేవీ' అన్న అక్షరాలను చూసి కిలోవోల్టు అని భ్రమపడే విద్యార్థులు ఉంటారు. అది భారరహిత స్థితిలో ఒక్కొక్క వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలిపే స్థిరాంకం. 1000 కేవీ మోటారుకు 10 వోల్టులు ఇస్తే భారం లేనప్పుడు సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. కేవీ ఎక్కువైతే మోటారు శక్తిమంతమైనదని అనుకోవడం పొరపాటు. ఒక ఆంపియరుకు లభించే టార్కు (న్యూటన్-మీటర్లలో) 9.55ను కేవీతో భాగిస్తే వస్తుంది. 1000 కేవీ మోటారుకు ఇది 0.00955 మాత్రమే. అనగా కేవీ పెరిగిన కొద్దీ అదే ప్రొపెల్లర్‌ను తిప్పడానికి ఎక్కువ ఆంపియర్లు కావాలి. పెద్ద ప్రొపెల్లర్‌కు తక్కువ కేవీ, చిన్న ప్రొపెల్లర్‌కు ఎక్కువ కేవీ అన్న నియమం ఇందులోంచి పుట్టినదే. మోటారు ఎంత శక్తిని భరించగలదన్నది దాని బరువును, చుట్టల నిరోధాన్ని, గాలి తగిలే తీరును బట్టి ఉంటుంది గాని కేవీని బట్టి కాదు.

ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి

మోటారుతో మొదలుపెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. విమానపు మొత్తం బరువుతో మొదలుపెట్టాలి. ఉదాహరణకు కెమెరాతో సహా 1.2 కిలోల బరువు, 0.28 చదరపు మీటర్ల రెక్క వైశాల్యం గల విమానాన్ని తీసుకొందాం. నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానాలకు కిలోకు 150 నుంచి 200 వాట్ల విద్యుత్ శక్తి సరిపోతుందన్నది నమూనా విమానకారుల్లో స్థిరపడిన లెక్క. ఆ ప్రకారం ఈ విమానానికి సుమారు 220 వాట్లు కావాలి. రెక్క ఇవ్వగల గరిష్ఠ లిఫ్టు గుణకం 1.1 అనుకొంటే ఇది సెకనుకు 8 మీటర్ల వేగం వద్ద స్టాల్ అవుతుంది, అంటే అంతకంటే నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేదు. ప్రొపెల్లర్ పిచ్‌ను చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే పిచ్ వేగం, ఈ స్టాల్ వేగానికి కనీసం రెండున్నర రెట్లు, అనగా సెకనుకు 20 మీటర్లు ఉండేలా చూసుకోవాలి.

5 అంగుళాల పిచ్ (0.127 మీటర్లు) గల ప్రొపెల్లర్ నిమిషానికి 9,400 చుట్లు తిరిగితే పిచ్ వేగం సెకనుకు 20 మీటర్లు వస్తుంది. 10 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల పిచ్ గల సన్నని విద్యుత్ ప్రొపెల్లర్ ఆ వేగం వద్ద ఇరుసుపై సుమారు 180 వాట్లు తీసుకొని, నేలపై కిలోకు కొంత పైగా థ్రస్టు ఇస్తుంది. మూడు సెల్లుల బ్యాటరీ భారం లేనప్పుడు 11.4 వోల్టుల వద్ద ఉన్నదనుకొందాం. దాని అంతర్గత నిరోధం 0.03 ఓములు, మోటారు, స్పీడ్ కంట్రోలర్, తీగల నిరోధం కలిపి 0.07 ఓములు అయితే, 20 ఆంపియర్ల వద్ద 2 వోల్టులు దారిలోనే పోతాయి. మిగిలిన 9.4 వోల్టులకు 9,400 చుట్లు రావాలంటే మోటారు 1000 కేవీ కావాలి. బ్యాటరీ కొసల వద్ద 10.8 వోల్టులు, 20 ఆంపియర్ల పైచిలుకు కరెంటు, అనగా సుమారు 220 వాట్లు. ఇరుసుకు చేరేది 180 పైచిలుకు, కావున సామర్థ్యం 83 శాతం. అనుకొన్న శక్తి, వచ్చిన శక్తి కలిశాయి. కలవనప్పుడు ప్రొపెల్లర్‌నో కేవీనో మార్చి మళ్లీ లెక్కించాలి. మొదటిసారే కలవడం అరుదు.

ఇదే అమరికలో నిండుగా చార్జి చేసిన బ్యాటరీ (12.6 వోల్టులు) మొదటి క్షణాల్లో 24 ఆంపియర్ల వరకు ఇస్తుంది. స్పీడ్ కంట్రోలర్‌ను సగటు కరెంటుకు గాక ఈ గరిష్ఠ కరెంటుకు పావు వంతు అదనంగా, అనగా 30 ఆంపియర్లకు ఎంచుకోవాలి.

నాలుగో సెల్లు జోడిస్తే

విమానం బలహీనంగా ఎగురుతున్నదని భావించి మోటారు, ప్రొపెల్లర్ మార్చకుండా నాలుగు సెల్లుల బ్యాటరీ పెట్టడం తరచుగా కనిపిస్తుంది. వోల్టేజీ మూడో వంతు పెరిగింది కాబట్టి కరెంటు కూడా మూడో వంతే పెరుగుతుందని ఊహిస్తారు. పై నిరోధాలతోనే లెక్కిస్తే 20 ఆంపియర్లు 31 అవుతాయి, 220 వాట్లు దాదాపు 435 అవుతాయి. నిండు బ్యాటరీతో కరెంటు 36 ఆంపియర్లు దాటుతుంది. 30 ఆంపియర్ల కంట్రోలర్ ఇది భరించలేదు. అది నేలపై కాలితే నష్టం కంట్రోలర్ వరకే. గాలిలో కాలితే రిసీవర్‌కు, సర్వోలకు 5 వోల్టులు అందించే వలయం కూడా చాలా కంట్రోలర్లలో దానిలోనే ఉంటుంది కాబట్టి మోటారుతోపాటు నియంత్రణ కూడా పోయే ప్రమాదం ఉంది.

నాలుగు సెల్లులు వాడకూడదని దీని అర్థం కాదు. 750 కేవీ మోటారు తీసుకొంటే అదే ప్రొపెల్లర్ అదే వేగంతో 15-16 ఆంపియర్లకే తిరుగుతుంది. తీగల్లో వేడి తగ్గుతుంది. పాత 1000 కేవీ మోటారునే ఉంచదలిస్తే ప్రొపెల్లర్‌ను 8 అంగుళాలకు కుదించాలి. అప్పుడు దాదాపు అదే శక్తికి థ్రస్టు సుమారు 15 శాతం తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. నెమ్మదిగా ఎగిరి చిత్రాలు తీయవలసిన విమానానికి పెద్ద ప్రొపెల్లర్, తక్కువ కేవీ అన్న మార్గమే శ్రేయస్కరం.

బ్యాటరీ: అట్టపై అంకె, అసలు బలం

లిథియం పాలిమర్ సెల్లు నామమాత్ర వోల్టేజీ 3.7, నిండు వోల్టేజీ 4.2. 3.0కు దిగువకు దింపితే శాశ్వతంగా చెడిపోతుంది. 2200 మిల్లీఆంపియర్ గంటల బ్యాటరీపై '25 సీ' అని ఉంటే సిద్ధాంతరీత్యా 55 ఆంపియర్లు ఇవ్వాలి. ఈ అంకెను అమ్మకందారుల ఉత్సాహంగా భావించి సగానికే లెక్కించడం వివేకం. మన ఉదాహరణకు సగమైనా సరిపోతుంది.

అసలు చూడవలసింది అంతర్గత నిరోధం. చాలా చార్జర్లు దానిని సెల్లు వారీగా చూపుతాయి. కొత్తలో సెల్లుకు 10 మిల్లీఓములు ఉన్న బ్యాటరీ వాడకంతో, ఎండలో కారులో వదిలేయడంతో, నిండు చార్జితో వారాల తరబడి ఉంచడంతో 25కు చేరవచ్చు. విమానం దిగే సమయాన్ని ఊహించండి. సెల్లు వోల్టేజీ 3.65కు తగ్గింది. గట్టుపైకి పశువులు వచ్చాయి. పైలట్ దిగడం మానుకొని థ్రోటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ పైకి లేపాలి. కొత్త బ్యాటరీ అయితే 19 ఆంపియర్ల వద్ద కూడా సెల్లుకు 3.46 వోల్టులు నిలుస్తాయి. పాతదైతే 17 ఆంపియర్లకే 3.23కు పడిపోతుంది. కంట్రోలర్ కనిష్ఠ హద్దును 3.3గా అమర్చి ఉంటే సరిగ్గా ఆ క్షణంలో మోటారు ఆగుతుంది లేదా శక్తి తగ్గుతుంది. హద్దు 3.0గా ఉన్నా ఇరుసుపై శక్తి 183 వాట్ల నుంచి 134కు దిగిపోతుంది. నేలపై చేసిన పరీక్షలో ఈ బ్యాటరీ బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష ఎప్పుడూ నిండు చార్జితోనే చేస్తారు. కావున సగానికి పైగా ఖర్చయిన బ్యాటరీతో కూడా ఒకసారి పూర్తి థ్రోటిల్ పరీక్ష చేయడం, నిరోధం రెట్టింపు దాటిన బ్యాటరీలను విహారానికి వాడకపోవడం తప్పనిసరి నియమాలుగా పెట్టుకోవాలి.

విహార కాలం లెక్కలో బ్యాటరీ సామర్థ్యంలో 80 శాతమే వాడుకోవాలి. 2200కు ఇది 1760 మిల్లీఆంపియర్ గంటలు. రెండు నిమిషాల ఆరోహణకు 18 ఆంపియర్ల చొప్పున 600 పోతాయి. సమతల విహారానికి 6 ఆంపియర్లు అనుకొంటే మిగిలిన 1160తో పదకొండున్నర నిమిషాలు, మొత్తం పదమూడున్నర. 4000 బ్యాటరీ పెడితే బరువు సుమారు 150 గ్రాములు పెరిగి, విహార కరెంటు 7.2 ఆంపియర్లకు చేరినా, కాలం 23 నిమిషాలు దాటుతుంది. లాభసాటి బేరమే. అయితే నేలను తాకేటప్పటి గతిజశక్తి దాదాపు 27 శాతం పెరుగుతుంది, గరిమనాభి ముందుకు జరుగుతుంది. రన్‌వే లేని, కోసిన మోళ్ల మధ్య దిగవలసిన విమానానికి ఇది ఆలోచించవలసిన విషయం.

క్షేత్రంలో పరీక్ష

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా వాట్ మీటరు లేకుండా మొదటి విహారం చేయరాదు. విమానాన్ని వెనుక నుంచి కట్టి, ప్రొపెల్లర్ తిరిగే తలంలో గాని ముందు గాని ఎవరూ లేకుండా చూసి, నిండు బ్యాటరీతో పది సెకన్లకు మించకుండా పూర్తి థ్రోటిల్ ఇచ్చి వోల్టులు, ఆంపియర్లు నమోదు చేయాలి. మోటారు ఆగి, బ్యాటరీ విడదీసిన తరువాతనే దానిని తాకాలి. వేలు పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే ప్రొపెల్లర్ పెద్దదైనట్లే. గాలిలో ముందుకు కదులుతున్నప్పుడు ప్రొపెల్లర్ భారం కొంత తగ్గుతుంది కాబట్టి నేలపై వచ్చిన కరెంటే సాధారణంగా గరిష్ఠం.

వేసవి పరీక్షలకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. సముద్ర మట్టం వద్ద 40 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలి కంటే సుమారు 8 శాతం పలచన. థ్రస్టు తగ్గుతుంది, స్టాల్ వేగం 4 శాతం పెరుగుతుంది, కంట్రోలర్‌ను చల్లబరచవలసిన గాలి ముందే వేడిగా ఉంటుంది. ఫోము దేహంలో గాలి లోపలికి వచ్చే రంధ్రం కంటే బయటకు పోయే రంధ్రం పెద్దదిగా ఉండాలన్నది చాలామంది మరచే అంశం. చార్జింగ్ 1 సీ మించకుండా, మన ఉదాహరణకు 2.2 ఆంపియర్లతో, మండని తలంపై, మనిషి సమక్షంలో చేయాలి. దింపిన వెంటనే వేడి బ్యాటరీని చార్జికి పెట్టరాదు. వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల వద్ద నిల్వ చేయాలి. ఉబ్బిన బ్యాటరీతో ఎగరవేసి అది ఎండిన పంటలో కూలితే మంట ఆ విమానంతో ఆగదు.

డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం 250 గ్రాములకు పైబడి 2 కిలోల వరకు ఉన్నవి 'మైక్రో' తరగతి కిందికి వస్తాయి. ఉదాహరణలోని విమానం పెద్ద బ్యాటరీతో కూడా ఆ హద్దులోనే ఉంటుంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ విమానాన్ని మళ్లీ తూచి, బరువును, గరిమనాభి స్థానాన్ని, వాట్ మీటరు అంకెలను ఆ బ్యాటరీ సంఖ్య ఎదుట విహార పుస్తకంలో రాసి ఉంచాలి.